‘వేండాం’ అన్నవాళ్లకు కృతజ్ఞతలు

మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. కానీ అంతకుముందే చెన్నై పక్కన నత్తనడక నడుస్తూ 3 రాత్రి నుంచి కుమ్మరించింది. పళ్లికరణై చిత్తడినేల నిండితే వేళచ్చేరి, మడిపాక్కం పల్లపు వీధుల నీళ్లు ఎటూ పోలేవు. అలా మునిగిన వీధుల్లోని తెలుగు కుటుంబాల తరఫున ఈ నాలుగు మాటలు.

మొదటి దండం ఫైబర్ పడవలతో వచ్చిన జాలరి అన్నలకు. వీధుల్లో ఇంజను పైకెత్తేసి, తాడు పట్టి లాక్కొచ్చారు. నీళ్ల అడుగున బైకులు, పిట్టగోడలు ఉంటాయి, ఇంజను ఫ్యాను వాటికి తగిలితే ముక్కలే. పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు పంచినవాళ్లకూ రుణపడి ఉన్నాం. అయితే నీళ్లు తీశాక వచ్చి, ‘వేండాం అన్నా, వేండాం’ (వద్దన్నా, వద్దు) అని తమిళంలో అంటూ మా చేతులు పట్టుకు ఆపినవాళ్లు మరీ గుర్తుండిపోయారు.

ఎలక్ట్రీషియన్లు ముందు ఇన్వర్టర్ ఆపించారు. ఈబీ (కరెంటు బోర్డు) వాళ్లు లైను తీసేసినా బ్యాటరీ నుంచి ప్లగ్గుల్లోకి కరెంటు వస్తూనే ఉంటుందని మాలో చాలామందికి తట్టలేదు. మునిగిన మోటార్లు విప్పి, ఎండబెట్టి, తీగల ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో చూశారు. ముల్లు 1 మెగోమ్ దాటకపోతే మళ్లీ ఎండకే. పైకి పొడిగా కనిపించినా వైండింగ్‌లో (లోపలి తీగచుట్టలో) చెమ్మ ఉంటే స్విచ్చు వేసిన క్షణంలో కాలిపోతుంది.

సంపుల దగ్గర ఇంకా గట్టిగా అడ్డుపడ్డారు. చుట్టూ నేల నీళ్లతో ఉబ్బి ఉండగా సంపు పూర్తిగా తోడేస్తే, బయటి ఒత్తిడికి గోడ పగులుతుంది, ప్లాస్టిక్ ట్యాంకయితే పైకి తేలిపోతుంది. చుట్టూ నేలలో నీళ్లు తగ్గాకే తోడనిచ్చారు. పెట్రోలుతో నడిచే నీళ్ల పంపును లోపలికి దించనివ్వలేదు, ఆ పొగ దిగినవాడి ప్రాణం తీస్తుంది. గోడలు తోమి కొత్త నీళ్లు పట్టాక 1000 లీటర్లకు 4 గ్రాముల బ్లీచింగ్ పౌడర్. నేరుగా చల్లకుండా బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోశారు. అరగంటకు సన్నగా క్లోరిన్ వాసన ఉంటే సరిపోయినట్టు. మూతి విప్పి రోజుల తరబడి వదిలేసిన బస్తాలో క్లోరిన్ బలం తగ్గిపోతుంది. రోడ్డంతా తెల్లగా చల్లి ఫొటోలు దిగేవాళ్లు ఈ మాట వింటే బాగుండు! బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ మాత్రం పడనివ్వకండి, విషవాయువు లేస్తుంది.

బైకు మెకానిక్ తమ్ముళ్లు కిక్కు కొట్టనివ్వలేదు. సిలిండర్లో చేరిన నీళ్లు గాలిలా అణగవు, అప్పుడు స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. స్పార్కు ప్లగ్గు ఊడదీసి ఇంజను మెల్లగా తిప్పితే ఆ కంతలోంచి బురదనీళ్లు చిమ్మాయి. ఇంజనాయిలు పాలు కలిపిన టీలా ఉన్న బళ్లకు ఒకసారి మార్చి, కాసేపు నడిపి, మళ్లీ మార్చారు. రెండో ఆయిలుకు చాలామంది కూలి తీసుకోలేదు.

పడవ తాళ్లు రెండు, మెగ్గర్ ఒకటి మా వాచ్‌మన్ గదిలో ఉండిపోయాయి. మెగ్గర్‌లోని బ్యాటరీలు తీసి పక్కన పెట్టాం. ఎవరివో వచ్చి తీసుకెళ్లండి, కాఫీ తాగి వెళ్లండి.