చైన్‌సా కొనేటప్పుడు ముందు బ్రేకు చూడండి

సంపాదకులకు నమస్కారాలు.

వర్జీనియా పొగాకు బ్యారన్లకు (ఆకును వేడితో ఆరబెట్టే గదులకు) కట్టెలే ఆధారమైన మా ప్రకాశం జిల్లా పల్లెల్లో, గొడ్డలి పట్టే కూలీలు దొరకడం కష్టమయ్యేకొద్దీ పెట్రోలు చైన్‌సాలు (కట్టెలు కోసే గొలుసు రంపాలు) కొనే రైతులు ఎక్కువవుతున్నారు. కొనేటప్పుడు మాత్రం బార్ (చైను చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) ఎన్ని అంగుళాలు, ఇంజను ఎన్ని సీసీ అని రెండే ప్రశ్నలు అడిగి, 22 అంగుళాల బార్, 58 సీసీ అని రాసి ఉన్న మిషన్ తక్కువ ధరకు వస్తే అదే మేలనుకుని తెచ్చుకుంటున్నారు. మేమూ అలాగే తెచ్చుకున్నాం.

నిరుడు చిల్లచెట్టు మొద్దులు (సర్కారు తుమ్మను మా వైపు అలాగే అంటాం) కోస్తుండగా, బార్ కొస పైభాగం వెనకనున్న మరో కొమ్మకు తగిలి, మిషన్ ఒక్కసారిగా మా తమ్ముడి ముఖం మీదికి ఎగదన్నింది. తల పక్కకు తిప్పుకోవడంతో ప్రాణం దక్కింది గాని ఎడమ భుజానికి 11 కుట్లు పడ్డాయి. ఆ చెయ్యి పైకెత్తి బ్యారన్‌లో పొగాకు కర్ర అందుకోవడం అతనికి ఇప్పటికీ కష్టమే. తరువాత మిషన్ విప్పి చూస్తే, ముందు పిడి ఎదుట ఉండే ప్లాస్టిక్ రేకు, చైనును వెంటనే ఆపే చైన్ బ్రేకుతో సంబంధం లేకుండా ఊరికే ఊగుతోంది. అమ్మిన దుకాణంలో దాని గురించి ఒక్క మాట చెప్పలేదు, మేమూ అడగలేదు.

అందుకే కొనబోయేవారు అన్నిటికన్నా ముందు చైన్ బ్రేకును చూడాలని నా మనవి. ఇంజను ఆపి ఆ రేకును ముందుకు నెడితే టక్కున పడాలి. అప్పుడు చేతితొడుగు వేసుకుని చైనును లాగితే కదలకూడదు. బ్రేకు అలాగే ఉంచి ఇంజను స్టార్ట్ చేసి, రేకును వెనక్కి లాగి, యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు చైను తిరగకుండా నిలవాలి. ఇవన్నీ దుకాణం వాకిట్లోనే తేలిపోయే సంగతులు.

బ్యారన్‌లో వేసే చిల్ల, సరుగుడు, జామాయిల్ కట్టెల్లో అడుగు మందం దాటేవి తక్కువ గనుక 16 లేదా 18 అంగుళాల బార్, 45 నుంచి 50 సీసీ ఇంజను చాలు. బార్ పొడవైనకొద్దీ బరువు పెరుగుతుంది, కొస ఎక్కడ తగులుతోందో కంటికి ఆనదు. చిల్లకట్టె గట్టిది కావడంతో చైను పదును త్వరగా పోతుంది. పెచ్చులకు బదులు పిండిలాంటి పొట్టు రాలుతోందంటే ఆకురాయి పట్టాల్సిందే. కాబట్టి ఆ చైనుకు సరిపడే గుండ్రటి ఆకురాయి, విడి చైన్లు, క్లచ్‌లు మనకు దగ్గరి పట్టణంలో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి. పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిల్ లీటరుకు 20 మిల్లీలీటర్లా, 40 మిల్లీలీటర్లా అన్నది మిషన్‌ను బట్టి మారుతుంది. పొదుపని తగ్గించి పోస్తే పిస్టన్ పట్టేస్తుంది.

దుకాణదారులు బిల్లు ఇచ్చే ముందు బ్రేకు పనిచేసే తీరు చూపించాలనీ, బ్యారన్లు వెలిగించే కాలానికి ముందే పొగాకు బోర్డు వేలం కేంద్రాల్లో ఒక పూట ఈ మిషన్‌ను వాడే పద్ధతి రైతులకూ కూలీలకూ నేర్పించే ఏర్పాటు చేయాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పొగాకు రైతు, ప్రకాశం జిల్లా