మైక్ కూసిందంటే ముందు చెయ్యి చూడండి

సంపాదకులకు,

లైవ్ సంగీత కార్యక్రమాల సమీక్షల్లో ఒక మాట తరచూ కనిపిస్తుంటుంది: "కళాకారులు బాగానే చేశారు, సౌండే దెబ్బతీసింది." దాంతో నింద మొత్తం, మైకుల శబ్దాలన్నిటినీ కలిపి సరిచేసే మిక్సర్ దగ్గర నిలబడ్డ సౌండ్ ఇంజనీరు నెత్తిన పడుతుంది. కొన్నిసార్లు అది న్యాయమే. కానీ ఆ రాత్రి చెడిన సౌండ్‌లో పెద్ద వాటా స్టేజీ మీదే చెడిపోయి, ఆ తర్వాత మైకుల్లోంచి మిక్సర్‌కి చేరుతుందన్నది ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. స్టేజీ మర్యాద అనగానే చాలామంది దండం పెట్టడం, మంచి బట్టలు వేసుకోవడం అనుకుంటారు. వాటి సంగతి తర్వాత. అసలు మర్యాద చేతుల్లో, కేబుళ్లలో, గడియారంలో ఉంటుంది.

ముందు ఆ కూత సంగతే చూద్దాం. పాడేవాళ్లు చాలామంది మైక్ జాలీ చుట్టూ పిడికిలి బిగించి పట్టుకుంటారు. ఫొటోలో బాగుంటుందేమో గానీ లోపల జరిగేది వేరు. షూర్ ఎస్‌ఎం 58 లాంటి కార్డియాయిడ్ మైక్ ముందు నుంచి వచ్చే శబ్దాన్ని తీసుకుని, వెనక నుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తుంది. జాలీ వెనక భాగంలోంచి కూడా శబ్దం లోపలికి వెళ్లే దారి ఉండబట్టే దానికా పని సాధ్యమవుతుంది. ఆ దారిని వేళ్లతో మూసేస్తే మైక్ అన్ని వైపులా వినడం మొదలుపెడుతుంది, నేలమీద ఎదురుగా ఉన్న మానిటర్‌తో (వాయించేవాళ్లకి వాళ్ల శబ్దం వినిపించే స్పీకర్‌తో) సహా. మానిటర్‌లో శబ్దం మైక్‌లోకి, మైక్‌లోది మళ్లీ మానిటర్‌లోకి తిరిగి తిరిగి కూతవుతుంది. కూత ఆపడానికి ఇంజనీరు ఆ ఫ్రీక్వెన్సీని కోస్తాడు. దానితోపాటు గొంతులో స్పష్టత కొంత పోతుంది. "నా గొంతు నాకు వినపడట్లేదు, పెంచండి" అని గాయకుడు అంటాడు. పెంచితే మళ్లీ కూత.

చెయ్యి జాలీ కింద, మైక్ ఒంటిమీద ఉండాలి. పెదవులకీ జాలీకీ మధ్య రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు చాలు. మరీ ఆనించి పాడితే బేస్ ఉబ్బి మాటలు ముద్దవుతాయి. గొంతు చించుకుని పాడే చోట కాస్త దూరం జరపాలి. పాడనప్పుడు మైక్‌ని తొడ పక్కకి వేలాడేసి మానిటర్ వైపు చూపించే అలవాటుతో వచ్చే కూతలకి లెక్కలేదు. పనిచేస్తోందో లేదో చూడ్డానికి మైక్‌ని తట్టక్కర్లేదు, ఊదక్కర్లేదు, మాట్లాడితే తెలిసిపోతుంది. సొంత మైక్ తెచ్చుకునేవాళ్లు ముందే చెప్పాలి. బీటా 58ఏ లాంటి సూపర్‌కార్డియాయిడ్ మైక్ సరిగ్గా వెనక నుంచి కొంత వింటుంది, దానికి బాగా వినపడని చోటు వెనక రెండు పక్కలా ఉంటుంది. కాబట్టి మానిటర్ జరపాలి. ఈ సంగతి మొదటి పాట మధ్యలో తెలిస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఇక గిటార్ ఆంప్, అంటే గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె. స్పీకర్‌లోంచి వచ్చే సన్నటి, పదునైన శబ్దాలు టార్చిలైటు వెలుగులా సూటిగా పోతాయి. నేలమీద పెట్టిన ఆంప్ ముందు రెండడుగుల దూరంలో నిలబడ్డ గిటారిస్టుకి ఆ పదును మోకాళ్లకి తగులుతుంది, చెవికి మందమైన శబ్దమే అందుతుంది. సరిపోవట్లేదని ట్రెబుల్ పెంచుతాడు, వాల్యూమ్ పెంచుతాడు. ఆ సూదులన్నీ మొదటి వరుస ప్రేక్షకుడి ముఖానికి గుచ్చుకుంటాయి. ఆంప్‌ని ఒక పెట్టె మీదికి ఎత్తండి, లేదా వెనక్కి వాల్చి స్పీకర్ మీ చెవుల వైపు చూసేలా పెట్టండి. వాల్యూమ్ తగ్గించమని ఎవరూ అడగకముందే మీరే తగ్గిస్తారు. లేకపోతే గిటార్ కోసం బేస్ గిటార్, దానికోసం డ్రమ్స్, వాటన్నిటి మీద గొంతు, ఇలా ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోయి, ఇంజనీరు గిటార్ ఛానెల్‌ని పూర్తిగా మూసేసినా హాల్లో గిటారే వినిపిస్తుంది.

ఇందులో చెవుల లెక్క కూడా ఉంది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సగం సమయం అన్నది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచన. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. ప్రేక్షకుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం కూడా 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదంటుంది. చెవిలో పెట్టుకునే మానిటర్లు వాడేవాళ్లు జనం చప్పుడు వినాలని ఒకటి పీకేసి వేలాడదీస్తుంటారు. అప్పుడు రెండో చెవిలో వాల్యూమ్ పెంచక తప్పదు, తెరిచిన చెవికి డ్రమ్స్ నుంచి రక్షణ ఉండదు. పెడితే రెండూ పెట్టాలి. జనం చప్పుడు కావాలంటే దానికో మైక్ పెట్టి ఇమ్మని అడగొచ్చు.

సౌండ్‌చెక్, అంటే కార్యక్రమానికి ముందు శబ్దం సరిచూసుకోవడం, నిజానికి వారం ముందే మొదలవుతుంది, రెండు కాగితాలతో. ఒకటి స్టేజ్ ప్లాట్: ఎవరు ఎక్కడ నిలబడతారు, మానిటర్లు ఎన్ని, కరెంటు ఎక్కడెక్కడ కావాలి. రెండోది ఇన్‌పుట్ లిస్ట్: ఛానెల్ 1 కిక్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్), 2 స్నేర్ (చిన్న డ్రమ్) అంటూ వరసగా, ఏది మైక్, ఏది డీఐ బాక్స్ (గిటార్, కీబోర్డు సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె), దేనికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్‌కి కేబుల్‌లోంచే పంపే కరెంటు) అన్న వివరాలతో. కీబోర్డు స్టీరియో అయితే అది రెండు లైన్లు. "మామూలుగా ఉండేవే" అని ఫోన్‌లో చెప్పేసి తీరా ఆరుగురు గాయకులతో దిగితే, పోయేది మీ సౌండ్‌చెక్ సమయమే.

స్టేజీ ఎక్కాక ఇంజనీరు "కిక్" అన్నాడంటే కిక్ ఒక్కటే మోగాలి. ఆ సమయంలో పక్కన గిటారిస్టు సోలో సాధన చేసుకోవడం కంటే పెద్ద అమర్యాద ఈ రంగంలో లేదనే చెప్పాలి. మోగిస్తున్నప్పుడు కార్యక్రమంలో ఎంత గట్టిగా వాయిస్తారో అంతే గట్టిగా వాయించాలి. సౌండ్‌చెక్‌లో మెత్తగా తట్టి, జనాన్ని చూడగానే బాదితే అప్పటిదాకా మిక్సర్‌లో పెట్టిన గెయిన్ (వచ్చే సిగ్నల్‌ని ఎంత పెంచాలన్న లెక్క) అంతా వృథా, మొదటి పాటంతా పగిలిన శబ్దమే. గిటార్ శబ్దాన్ని మార్చే పెడళ్లు, కీబోర్డు ప్యాచ్‌లు (అందులో ఎంచుకునే రకరకాల వాద్యాల శబ్దాలు) ఒక్కొక్కటీ వినిపించండి. పియానో ప్యాచ్‌కి సరిపోయిన లెవెల్‌లో బ్రాస్ ప్యాచ్ చెవులు చిల్లులు పొడవచ్చు. ఆ తర్వాత అందరూ కలిసి ఇష్టమైన పాట మొత్తం వాయించడం దండగ. అన్నిటికంటే గట్టిగా ఉండే పాటలో ఒక నిమిషం, మెత్తటి పాటలో ఒక నిమిషం చాలు.

మానిటర్‌లో ఏం కావాలో ఒక్కొక్కరే అడగాలి. "నన్ను పెంచండి" అనే ముందు, దేన్ని తగ్గిస్తే మీరు వినపడతారో ఆలోచించండి. కార్యక్రమం నడుస్తుండగా అయితే మాటలొద్దు: కావాల్సిన వాద్యాన్ని వేలితో చూపించి, మానిటర్‌ని చూపించి, బొటనవేలు పైకో కిందికో. మైక్‌లో "సౌండ్ వాళ్లూ, ఏమైందండీ" అని జనం ముందు అడిగితే సమస్య తీరదు, మీ పాట వింటున్న మనిషికి అంతవరకూ తెలియని లోపం తెలుస్తుంది. అంతే. ఆ మాట అనిపించుకున్న ఇంజనీరు తర్వాతి పది నిమిషాలు మీకోసం ఎంత ఉత్సాహంగా పనిచేస్తాడో మీ ఊహకే వదిలేస్తున్నాం.

కేబుళ్ల విషయంలో రెండు మూడు ముక్కలు. ఛానెల్ తెరిచి ఉండగా గిటార్ జాక్ పీకితే వచ్చే 'ఢామ్' స్పీకర్లకీ చెవులకీ కూడా దెబ్బే. చెయ్యెత్తి మ్యూట్ చేయించుకుని, ఇంజనీరు తలూపాక పీకండి. మామూలు గిటార్ కేబుల్ ఆరు మీటర్లు దాటితే పదును తగ్గుతుంది, గుయ్‌మనే రొద ఎక్కుతుంది. దూరం పోవాలంటే డీఐ బాక్స్ పెట్టి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మైకులకి వాడే మూడు పిన్నుల కేబుల్) వెయ్యాలి. రొద పోవట్లేదని కరెంటు ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆంప్‌లో లోపం ఉంటే గిటార్ తీగల్లోకి కరెంటు వస్తుంది, చేతులు తీగల మీద ఉండగా పెదవి మైక్ జాలీకి తగిలిందంటే ఆ కరెంటు మీ గుండె మీదుగా పోతుంది. డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న స్విచ్ ఉంటుంది, రొద కోసం నొక్కాల్సింది దాన్నే. ఎర్త్ పిన్ను జోలికి పోవద్దు.

వైర్‌లెస్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచే చిన్న గిటార్ సెట్లు ఖాళీ హాల్లో చక్కగా పనిచేసి, జనం వాళ్ల ఫోన్లతో నిండాక తెగిపోతుంటాయి. ఒక మామూలు కేబుల్ ఆంప్ పక్కనే చుట్టి ఉంచుకోండి. బ్యాటరీ సౌండ్‌చెక్‌కి పాతది, కార్యక్రమానికి కొత్తది. ట్రాక్‌లు లాప్‌టాప్‌లోంచి నడిపితే దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, నోటిఫికేషన్ 'టింగ్' మెయిన్ స్పీకర్లలో వినిపించడం హాస్యంగా ఉంటుంది, మీకు తప్ప.

శ్రుతి సరిచూసుకోవడం జనానికి వినిపించకూడదు. ట్యూనర్ పెడల్ నొక్కితే శబ్దం దానంతటదే ఆగుతుంది. లైట్ల వేడికి తీగలు సాగి శ్రుతి దిగుతుంది కాబట్టి, స్టేజీ మీదికి వాద్యాన్ని కాస్త ముందే తెచ్చి ఉంచాలి. కొత్త తీగలు వేసేది ఆ రోజు మధ్యాహ్నం కాదు, ముందు రోజు.

సమయం దగ్గర చేసే తప్పు లెక్క తప్పే. మీకిచ్చింది 45 నిమిషాలైతే 40 నిమిషాలకే పాటలు కట్టుకోవాలి. నాలుగున్నర నిమిషాల పాటలు 8 అంటే 36, వాటి మధ్య అరనిమిషం చొప్పున ఏడు ఖాళీలంటే ఇంకో మూడున్నర. ఇందులో మాటలకి చోటు లేదని గమనించండి. మాట్లాడాలంటే ఒక పాట తియ్యాలి. ఏ పాట తియ్యాలో సెట్‌లిస్ట్‌లోనే గుర్తు పెట్టి ఉంచితే స్టేజీ మీద గుసగుసలు ఉండవు. సెట్‌లిస్ట్ నిలబడి చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో, స్కేలు, ఎవరు మొదలుపెట్టాలి అన్న వివరాలతో ఉండాలి.

చాలా వేదికల మీద చివరగా వాయించే బృందం ముందు సౌండ్‌చెక్ చేస్తుంది, మొదట వాయించేవాళ్లు చివర చేస్తారు, వాళ్ల అమరిక అలాగే ఉండిపోవడానికి. ఆలస్యంగా వచ్చే చివరి బృందం కోసే సమయం తనది కాదు, మొదటి బృందానిది. డ్రమ్స్ అందరికీ ఒకటే అయినప్పుడు స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. ఇంకొకరి ఆంప్ మీద నీళ్ల సీసా పెట్టకూడదు, అడక్కుండా నాబ్‌లు తిప్పకూడదు.

మరొకరి బృందంలో ఒక్కరోజు పనికి వెళ్లిన వాద్యకారుడు నిర్వాహకుడికి తన సొంత ఫోన్ నంబరు ఇచ్చి రాకూడదు. అడిగితే బృందం నాయకుడి నంబరే ఇవ్వాలి. ఒప్పుకున్న తేదీని ఎక్కువ డబ్బొచ్చే ఇంకో పని కోసం వదిలెయ్యకూడదు. నిర్వాహకులు కూడా వచ్చే సమయం, వాయించే సమయం, విరామాలు, అడ్వాన్సు, రద్దయితే ఎంత ఇస్తారు, సమయం మించితే ఎంత అన్నవి ముందే రాసి ఇవ్వాలి. తలుపులు తెరిచి జనాన్ని కూర్చోబెట్టాక సౌండ్‌చెక్ చేసుకోమనడం వాళ్ల తప్పు, ఆ తప్పూ చివరికి ఇంజనీరు ఖాతాలోకే పోతుంది.

చివరి పాట అయ్యాక స్టేజీ మీద కూర్చుని కేబుళ్లు చుట్టుకుంటూ అభిమానులతో మాట్లాడేవాళ్లని చూస్తుంటాం. బృందం మారడానికి ఉండేది 15, 20 నిమిషాలు. సింబల్స్‌ని స్టాండ్లతో సహా, పెడళ్లని బోర్డుతో సహా ఉన్నపళంగా పక్కకి మోసుకెళ్లి, చుట్టడాలు, విప్పడాలు, సెల్ఫీలు అక్కడ పెట్టుకోవాలి. కేబుల్‌ని మోచేతికి చుడితే లోపలి తీగ మెలిపడి కొన్నాళ్లకి తెగుతుంది. ఒక చుట్టు పైనుంచి, తర్వాతి చుట్టు లోపలికి తిప్పి వేసుకుంటూ పోతే, మరుసటిసారి విసిరినప్పుడు ముడిపడకుండా తిన్నగా పరుచుకుంటుంది.

- లైవ్ సౌండ్ ఇంజనీర్లు కొందరు