ఈ క్రిస్మస్ పుడ్డింగులో ఆవు కొవ్వు ఉండదు: మా వినియోగదారులకు ఒక ఉత్తరం

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఉన్న మా చిన్న బేకరీకి ఏళ్లుగా వస్తున్న మీ అందరికీ నమస్కారం. ఏటా అక్టోబరు మొదటి వారంలో క్రిస్మస్ ఆర్డర్ల పట్టికను కౌంటరు మీద పెట్టి ఊరుకునేవాళ్లం. ఈసారి పట్టిక కంటే ముందు ఉత్తరం రాయవలసి వచ్చింది. దీని ఇంగ్లీషు ప్రతిని దుకాణం తలుపుకు అంటించాము. అయితే పోయిన డిసెంబరులో జరిగిన పొరపాటు వల్ల ఎక్కువగా నొచ్చుకున్నది తెలుగు కుటుంబాలే కనుక, మీకు విడిగా, మన భాషలో, నేనే రాయడం న్యాయమనిపించింది.

ముందుగా జరిగినది చెబుతాను. 2024 క్రిస్మస్‌కు మేము రెండు రకాల పుడ్డింగులు (ఎండుపళ్లతో ఆవిరి మీద ఉడికించే పండుగ తీపి) చేశాము. ఒకటి పాత ఇంగ్లీషు పద్ధతిలో సూయెట్‌తో, అంటే ఆవు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వును తురిమి కలిపి చేసినది. రెండవది పామాయిల్‌తో తయారయ్యే శాకాహార సూయెట్‌తో చేసినది. రెండింటికీ ఒకే గిన్నెలు, ఒకే గుడ్డలు. ఉడికిన తరువాత రంగులో కూడా తేడా కనిపించదు. డిసెంబరు 19 రాత్రి చీటీలు అంటించేటప్పుడు, ఒక బల్ల మీద ఉన్న 11 పుడ్డింగులకు శాకాహారమన్న చీటీలు పడ్డాయి. అవి ఆవు కొవ్వుతో చేసినవి. అంటించినది మా దగ్గర పనిచేసే పిల్లలు కాదు, నేనే. మర్నాడు మధ్యాహ్నం లెక్క సరిచూస్తూ తప్పు పట్టుకునేసరికి 9 డబ్బాలు వెళ్లిపోయాయి. ఫోన్లు చేసి 6 వెనక్కి తెప్పించగలిగాము. మిగిలిన 3 ఆ మధ్యాహ్నమే ఆఫీసు విందుల్లోనూ ఇళ్లలోనూ కోసేశారు. ఊరి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ, సంగతి తెలిశాక రెండు రోజులు అన్నం ముట్టలేదని వాళ్ల కోడలు చెప్పింది. ఆవిడ తరువాత దుకాణానికి వచ్చి నన్ను ఒక్క మాట కూడా అనకుండా రొట్టె కొనుక్కుని వెళ్లారు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

డబ్బు వెనక్కి ఇచ్చాము. 2014 నాటి ఆహార చట్టం కింద మాలాంటి దుకాణాలు రాసుకోవలసిన రికార్డులో ఈ సంగతి రాసి, తనిఖీకి వచ్చిన అధికారికి చూపించాము. ఆ తరువాత చాలా నెలలు మావారూ నేనూ తేల్చుకోలేక కొట్టుకున్నది ఒకే ప్రశ్న మీద: అసలు మా వంటగదిలో ఆవు కొవ్వు ఎందుకు ఉండాలి?

ఎందుకు ఉండేదో చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. నేను ఈ పని నేర్చుకున్నది ఇంగ్లండులోని డార్బీలో, ఒక చిన్న బేకరీలో, 9 ఏళ్లపాటు. అక్కడ ఆడ్వెంట్‌కు, అంటే క్రిస్మస్‌కు ముందు ఎదురుచూపుగా పాటించే వారాలకు, ముందు వచ్చే ఆఖరి ఆదివారాన్ని ‘స్టిర్ అప్ సండే’ అంటారు. ఆ రోజు ఆంగ్లికన్ చర్చిలో చదివే ప్రార్థన ‘కదిలించు’ అన్న మాటతోనే మొదలవుతుంది. ఆ మాటను పట్టుకుని జనం ఇంటికి వెళ్లి పుడ్డింగు పిండి కలుపుతారు. ఇంట్లో ఉన్న ప్రతివారూ ఒకసారి గరిటె పట్టుకుని, కళ్లు మూసుకుని, మనసులో ఏదో ఒకటి కోరుకుంటూ తిప్పాలి; అదీ తూర్పు నుంచి పడమరకు, పసివాడైన యేసును చూడవచ్చిన జ్ఞానులు తూర్పు నుంచి వచ్చారు కనుక. ఎండుద్రాక్ష, కరెంట్స్ అనే చిన్న నల్ల ఎండుద్రాక్ష, నారింజ తొక్క, రొట్టె పొడి, ముదురు చక్కెర, జాజికాయ, లవంగం, బ్రాందీ, వీటన్నిటినీ పట్టి ఉంచడానికి కొవ్వు. ఆ ముద్దను గిన్నెలో పెట్టి, గుడ్డ కట్టి, 6 నుంచి 8 గంటలు ఆవిరి మీద ఉడికిస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు మా అమ్మమ్మ వాసెన కట్టి పెట్టే కుడుములు గుర్తుకొచ్చాయి. ఆ మాట అక్కడ ఎవరికి చెప్పాలో తెలియలేదు.

సూయెట్ వెన్న కంటే చాలా ఆలస్యంగా కరుగుతుంది. చుట్టూ పిండి గట్టిపడిన తరువాత అది కరిగి జారుకోవడం వల్ల లోపల సన్నని ఖాళీలు మిగులుతాయి. అందుకే అంత బరువైన పదార్థం నోట్లో గుల్లగా ఉంటుంది. వెన్న వేస్తే పిండి కుదురుకోకముందే కరిగిపోయి పుడ్డింగు ముద్దగా తయారవుతుంది. శాకాహార సూయెట్ ఈ రెండింటికీ మధ్యలో, సూయెట్‌కు దగ్గరగా ఉంటుంది, కాని ఆ రుచి రాదు. రాదని ఒప్పుకోవాలి, అలవాటున్న నాలుకకు తేడా తెలుస్తుంది.

మా దుకాణానికి వచ్చే ఇంగ్లీషు వాళ్లలో చాలామంది ఆ తేడా కోసమే వస్తారు. ఈ ఊరి పుట్టుకే అలాంటిది. ఇక్కడ ఇంగ్లీషు వాళ్ల వలస ఊరు కట్టడానికి ఏర్పడిన కాంటర్బరీ అసోసియేషన్ పంపిన షార్లెట్ జేన్, రాండాల్ఫ్ ఓడలు 1850 డిసెంబరు 16న లిటిల్టన్ రేవుకు చేరాయి. అంటే దిగిన 9 రోజులకే వాళ్లకు క్రిస్మస్ వచ్చింది, అదీ నడివేసవిలో. మంచు కోసం, చీకటి కోసం, పొయ్యి దగ్గర కూర్చోవడం కోసం పుట్టిన పండుగను ఎండలో ఎలా చేసుకోవాలన్న చిక్కు ఇక్కడ ఆనాటి నుంచీ ఉంది. ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. పుడ్డింగు మీద వేడి బ్రాందీ పోసి అంటిస్తే నీలి మంట లేవాలి. ఇక్కడ డిసెంబరు 25న సూర్యుడు రాత్రి 9 దాటాక గాని అస్తమించడు. ఆ వెలుతురులో మంట కనిపించదు. తెరలన్నీ వేసి, తలుపు సందులకు తువాళ్లు అడ్డం పెట్టి మంట చూసే కుటుంబాలు నాకు తెలుసు. మరికొందరు పుడ్డింగు మానేసి, స్ట్రాబెర్రీలతో పావ్లోవా (గుడ్డు తెల్లసొన, చక్కెర గిలక్కొట్టి కాల్చే తీపి) చేసుకుని తోటలో మాంసం కాల్చుకుంటారు. ఇంకొందరు చలికాలంలో, జూన్‌లోనో జులైలోనో, ‘మిడ్‌వింటర్ క్రిస్మస్’ పేరుతో రెండవ విందు పెట్టుకుంటారు. మా పుడ్డింగుల్లో నాలుగో వంతు అప్పుడే అమ్ముడవుతాయి. ఇంగ్లీషు వాళ్లు ఏటా నవంబరు 5న గై ఫాక్స్ పేరుతో కాల్చే బాణసంచాదీ ఇదే కథ: ఆ రోజు చీకటి పడేసరికి పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంది. ఆ బాణసంచాను దుకాణాల్లో నవంబరు 2 నుంచి 5 వరకే అమ్ముతారు కనుక, మనవాళ్లు ఆ నాలుగు రోజుల్లో కొని వచ్చే దీపావళికి దాచుకోవడం మీకు కొత్తగా చెప్పనక్కరలేదు.

ఆవు కొవ్వు ఇక వాడకూడదన్న మా నిర్ణయం చెప్పినప్పుడు ఒక పెద్దాయన చాలా బాధపడ్డారు. 1970ల్లో ఇంగ్లండు నుంచి వలస వచ్చిన మనిషి. వాళ్లమ్మ వంటింటి రుచి ఈ దేశంలో తనకు దొరికేది మా దుకాణంలోనేననీ, ఇప్పుడు అదీ పోతే క్రిస్మస్‌కు మిగిలేది కాగితపు కిరీటాలేననీ అన్నారు. క్రిస్మస్‌కు చేసే మిన్స్ పైలో (ఎండుపళ్ల పూర్ణం పెట్టి కాల్చే చిన్న కజ్జికాయ లాంటిది) ఒకప్పుడు నిజంగానే మాంసం ఉండేదని, ఇప్పుడు ఎవరూ దాన్ని అడగడం లేదని నేను వాదించబోయాను. సగంలో ఆపేశాను. ఎందుకంటే 10 ఉగాదులుగా మా ఇంట్లో పచ్చడిలో వేపపువ్వు లేదు. ఇక్కడ ఉగాది శరదృతువులో వస్తుంది, పైగా మొక్కలకు సంబంధించినదేదైనా విమానాశ్రయంలో బయోసెక్యూరిటీ వాళ్లకు, అంటే తెగుళ్లు దేశంలోకి రాకుండా చూసేవాళ్లకు, చూపించి తీరాలి. చిటికెడు మెంతిపొడి వేసి చేదు అనిపించుకుంటాము. అది ఉగాది పచ్చడి కాదని మా అమ్మ ఇప్పటికీ ఫోన్లో అంటూనే ఉంటుంది, నేను ఆమెతో వాదించలేను. ఆ పెద్దాయనకు నేను ఏ మొహంతో రుచి మారితే ఏమిటని చెప్పగలను?

అందువల్ల చేసిన ఏర్పాటు ఇది. ఈ ఏడాది నుంచి మా వంటగదిలోకి ఆవు కొవ్వు రాదు. అన్ని పుడ్డింగులూ, మిన్స్ పైలలోని పూర్ణం కూడా, శాకాహార సూయెట్‌తోనే చేస్తాము. పుడ్డింగులో గుడ్లు ఉంటాయి. గుడ్డు కూడా తినని వారు దయచేసి గమనించండి. పాత పద్ధతి కావాలనుకునే వారికి కొవ్వు లేకుండా నానబెట్టిన పండ్ల మిశ్రమాన్ని కిలో సీసాల్లో ఇస్తాము. కొలతల కాగితం జతచేస్తాము. మాంసం దుకాణం నుంచి సూయెట్ తెచ్చుకుని ఎవరి ఇంట్లో వాళ్లు కలిపి ఉడికించుకోవచ్చు. ఆ పెద్దాయన 2 సీసాలు చెప్పి వెళ్లారు. సంతోషంగా కాదు; చూద్దాం అన్నారు. ఈ పద్ధతి వల్ల మాకు పుడ్డింగు అమ్మకాలు తగ్గుతాయని తెలుసు. గట్టిగా లెక్కవేస్తే ఐదో వంతు పోవచ్చు. రెండు రకాలను ఒకే పొయ్యి గదిలో పెట్టుకుని ఏటా డిసెంబరులో నిద్ర లేకుండా గడపడం కంటే అదే నయమనుకున్నాము.

తెలుగు వారందరికీ ఒకే అభిప్రాయం ఉందని నేను అనుకోవడం లేదు. ఇంటింటా క్రిస్మస్ చేసుకునే మన గుంటూరు, కృష్ణా కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. సూయెట్ గురించి పట్టింపు లేనివారు, బ్రాందీ గురించి మాత్రం గట్టి పట్టింపు ఉన్నవారు వారిలో ఉన్నారు. వారి కోసం బ్రాందీకి బదులు నారింజ రసం, టీ డికాక్షన్‌తో చేసే పుడ్డింగు ఈసారి కూడా ఉంటుంది. మద్యం లేనిది ఎక్కువ రోజులు నిలవదు. దాన్ని డిసెంబరు 8 తరువాతే వండుతాము, మీరు ఫ్రిజ్‌లోనే పెట్టుకోవాలి. పోయిన ఏడాది ఒకరిద్దరికి బూజు పట్టింది, ఈ మాట మేము చెప్పకపోవడమే కారణం. బ్రాందీ ఉన్నవి నవంబరులోనే పూర్తవుతాయి, వాటికి తెల్ల గిన్నెలు. లేనివాటికి ఆకుపచ్చ గిన్నెలు. రెండూ ఒకే రోజు వంటగదిలో ఉండవు.

ధరలు పెరిగాయి. 2025లో అరకిలో వెన్న 8 డాలర్లు దాటడం మీకూ తెలుసు. మిన్స్ పైల పిండికి వెన్న తప్ప మరొకటి వేయడం నాకు ఇష్టం లేదు. 6 మిన్స్ పైల డబ్బా 18 నుంచి 21 డాలర్లు, 900 గ్రాముల పుడ్డింగు 42 నుంచి 46 డాలర్లు అవుతుంది. బ్రిటన్ నుంచి తెప్పించే క్రాకర్లు (బాణసంచా కాదు, విందు బల్ల దగ్గర ఇద్దరు చెరో చివర పట్టి లాగే కాగితపు గొట్టాలు) పోయిన ఏడాది పండుగ దాటాక జనవరిలో చేరాయి. ఈసారి అవి దుకాణంలోకి వచ్చిన తరువాతే డబ్బు తీసుకుంటాము.

స్టిర్ అప్ సండే ఈ ఏడాది, అంటే 2025లో, నవంబరు 23న వస్తుంది. ఆ మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు వంటగది తలుపు తీసి ఉంచుతాము. పిల్లలను తీసుకుని వచ్చి గరిటె తిప్పవచ్చు, దానికి రుసుము లేదు. ఆర్డర్లు డిసెంబరు 12తో ఆపేస్తాము. 25న చట్టప్రకారం మూసి ఉంటుంది, 26 బాక్సింగ్ డే నాడు కూడా తీయము.

చీటీలు ఈసారి మావారు అంటిస్తారు. ప్రతి డబ్బా మీద రాసినది నేను చదివి, వంట పుస్తకంలోని తేదీతో పోల్చి, కింద సంతకం పెడతాను. సంతకం లేని డబ్బా మీ చేతికి వస్తే తెరవకుండా వెనక్కి తెచ్చి ఇవ్వండి.