తిరుపతి లినక్స్ వాడకందారుల సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశం ముందు నివేదిక పెట్టాలని మన నియమావళి చెబుతోంది. ఆశయాలు అందరికీ తెలిసినవే కాబట్టి పనుల్లోకే వస్తాను. నెలవారీ సమావేశాలు బ్రహ్మోత్సవాల నెలలో తప్ప అన్ని నెలలూ జరిగాయి. ఆ నెలలో ఊళ్లో బండి కదిలితే కదా! కొత్తవాళ్లకు ఇన్‌స్టాలేషన్ క్లాసులు మామూలుగానే నడిచాయి.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగ్గది బాలాజీ కాలనీలో పెట్టిన మైకు శిబిరం. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న పెద్దవాళ్ల పాత ల్యాప్‌టాప్‌లలో విండోస్‌కు బదులు ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేసిచ్చింది మనమే. తీరా చూస్తే వీడియో కాల్‌లో మనిషి కనిపిస్తాడు, మాట మాత్రం అవతలికి పోదు. "ఏం సామీ, మీ లినక్స్‌కి నోరు పెగలదా?" అని ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు నలుగురిలో అడిగేశారు. రోషమొచ్చింది, శిబిరం పెట్టాం.

వచ్చినవాటిలో మైకు నిజంగా చెడిపోయినవి తక్కువ. కాల్ నడుస్తుండగానే పావుకంట్రోల్ (శబ్దం సెట్టింగులు చూపే ప్రోగ్రాం) తెరిచి రికార్డింగ్ ట్యాబ్ చూస్తే, బ్రౌజర్ ఏ మైకు నుంచి వింటోందో తెలిసిపోతుంది. కొందరికి అక్కడ 'మానిటర్' అని ఉంది. అంటే స్పీకర్‌లో వచ్చే శబ్దమే అవతలికి పోతోంది, వీళ్ల గొంతు కాదు. అక్కడ అన్నీ సరిగ్గా ఉన్నా మాట పోకపోతే టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) ఆల్సామిక్సర్ అనే శబ్దం సెట్టింగుల ప్రోగ్రాం తెరిచి, ఎఫ్6తో సౌండ్ కార్డు ఎంచుకుని, ఎఫ్4 నొక్కి క్యాప్చర్, అంటే మైకు నుంచి శబ్దం తీసుకోవడం, ఆగి ఉందేమో చూశాం. స్పేస్ బార్ నొక్కగానే కొన్ని గొంతులు లేచాయి.

బ్లూటూత్ హెడ్‌సెట్ల గోల వేరు. పాటలకు వాడే ఏ2డీపీ ప్రొఫైల్‌లో (బ్లూటూత్ పనిచేసే ఒక పద్ధతిలో) మైకు పనిచేయదు. హెడ్‌సెట్ ప్రొఫైల్‌కి మార్చాలి, అప్పుడు శబ్దం కాస్త మొద్దుబారుతుంది. అది మన తప్పు కాదని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. రెండు పిన్నుల పాత హెడ్‌సెట్‌లు తెచ్చినవాళ్లకు మాత్రం రెండు పిన్నులనూ ఒకే రంధ్రానికి కలిపే స్ప్లిటర్ కొనుక్కోమన్నాం. ఒకే రంధ్రమున్న ల్యాప్‌టాప్‌లో మైకు పిన్ను ఒక్కటే పెడితే పలకదు. కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో లోపలి మైకు జాబితాలోకే రాలేదు. వాటికి సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ (ఆ సౌండ్ చిప్‌కు కావలసిన సాఫ్ట్‌వేర్) వేసి రీస్టార్ట్ చేస్తే వచ్చింది.

మన కరపత్రం కూడా మార్చాల్సి వచ్చింది. లినక్స్ రకాలైన ఫెడోరాలో 34వ వెర్షన్ నుంచి, ఉబుంటులో 22.10 నుంచి, శబ్దాన్ని నడిపే పల్స్‌ఆడియో అనే ప్రోగ్రాం స్థానంలో పైప్‌వైర్ వచ్చింది. కరపత్రంలో ఉన్న, పల్స్‌ఆడియోను రీస్టార్ట్ చేసే పాత ఆదేశం వాటిలో పనికిరాదు. పావుకంట్రోల్ మాత్రం రెండింటిలోనూ పనిచేస్తుంది.

మేడమీది గది ఉచితంగా ఇచ్చిన సభ్యులకు, సాయంత్రం దాకా కదలకుండా కూర్చున్న ఇంజనీరింగ్ విద్యార్థులకు, అడక్కుండానే టీ, బజ్జీలు పంపిన పక్కింటి అమ్మగారికి, ఎక్స్‌టెన్షన్ బోర్డులు తెచ్చిచ్చిన ఎలక్ట్రీషియన్ అన్నకు సంఘం తరఫున కృతజ్ఞతలు. వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తి, ఆ రోజు ఫోన్ కూడా ఎత్తని వలంటీర్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు, వాళ్లకే తెలుసు. హాలు కోసం అర్జీ పెట్టిన కార్యాలయం నుంచి జవాబు ఇంతవరకు రాలేదు. అయ్యగారు క్యాంపుకెళ్లారన్న మాటే ప్రతిసారీ వింటున్నాం.

జమాఖర్చులు కోశాధికారి గారు జతచేసిన పట్టికలో ఉన్నాయి. చందా బాకీ ఉన్నవాళ్లు సమావేశానికి ముందే కట్టేయగలరు.

వచ్చే శిబిరం శ్రీకాళహస్తిలో పెట్టమని అక్కడి సభ్యులు అడుగుతున్నారు. రోజంతా ఉండగలిగేవాళ్లే పేరివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి