వడ్రంగం క్లాసు ఈ ఆదివారం నుంచి

అందరికీ నమస్కారమండి. క్లాసు ఉదయం 7 గంటలకే మొదలు. ఎండెక్కాక రేకుల షెడ్డు కింద నిలబడలేం.

కుర్చీ ఎప్పుడు చేస్తామని అడుగుతున్నారు. ముందు పీటండి. అంతకంటే ముందు ఉలి నూరడం. మేస్త్రీ గారు మొదటిరోజు ఇంకేమీ చెప్పరు. సానరాయి మీద 25 డిగ్రీల వాలులో పట్టి, వెనకవైపు సన్నటి అంచు వేలికి గరుగ్గా తగిలేదాకా నూరాలి. తగిలాక తిప్పేసి, వెనకభాగం రాయికి పూర్తిగా ఆనించి రెండు లాగులు లాగితే చాలు. పదునెక్కిందో లేదో మామిడి చెక్క కొస మీద చూస్తే తెలిసిపోద్ది: నలగకుండా నున్నగా తెగాలి.

కుసి (చెక్క చివర చెక్కే నాలుక), బెజ్జం (ఆ నాలుక దూరే రంధ్రం) తర్వాత వారాల్లో. కుసి మందం చెక్క మందంలో సుమారు మూడో వంతు. ఫెవికాల్ ఉందిగా అని వదులు కుసి పెట్టేవాళ్ళని మేస్త్రీ గారు ఊరుకోరు, నేనూ ఊరుకోను.

పచ్చి చెక్క తేవద్దు. వానాకాలం మన కోనసీమ ఇళ్ళలో తలుపులు బిగుసుకుపోవడం చూస్తూనే ఉన్నాం కదా. చెమ్మకి పలక వెడల్పువైపు ఉబ్బుద్ది, ఆరితే ముడుచుకుపోద్ది, పొడవువైపు దాదాపు మారదు. బల్ల పైపలకని చుట్టూ మేకులతో బిగించేస్తే చీలేది అందుకే. పాత ఇళ్ళు విప్పిన టేకు దూలాలు దొరికితే అడితి సరుకు కన్నా నయం. మేకులన్నీ పీకి తేండి, లేకపోతే చెక్క నున్నగా చేసే చిత్రిక బ్లేడు పాడైపోద్ది.

పెన్సిలు, మూలమట్టం (మూల సరిగ్గా ఉందో చూసే L ఆకారం కొలబద్ద) ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. వచ్చేవాళ్ళు శుక్రవారం సాయంత్రంలోగా ఇక్కడే చెప్పండి, టిఫిన్ల లెక్క చూసుకోవాలి.