నాలుగున్నర బస్సు ఎక్కే విద్యార్థికీ ప్రాంగణ జీవితం కావాలి

సంపాదక మహాశయులకు,

వరంగల్ నగరంలో విశ్వవిద్యాలయ తరగతులు మొదలైన ప్రతిసారీ విద్యార్థుల సాంస్కృతిక, సాహిత్య, క్రీడా కార్యక్రమాల గురించి ఎంతో కొంత చర్చ జరుగుతుంది. నిధులు లేవనీ, ఆసక్తి తగ్గిపోయిందనీ, సెల్‌ఫోన్లు వచ్చాక పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే మానేశారనీ పెద్దలు అంటారు. ఇందులో కొంత నిజం ఉండవచ్చు. కానీ అసలు అడ్డంకి వేరే ఉందని, పరకాల ప్రాంతంలో ఇంటర్మీడియట్ పాఠాలు చెబుతూ ఏటా నా విద్యార్థులను పై చదువులకు నగరానికి పంపుతున్న అధ్యాపకుడిగా నేను నమ్ముతున్నాను. మన ప్రాంగణాల్లో విద్యార్థులు కలుసుకునే పని ఏదైనా తరగతులు ముగిశాకే మొదలవుతుంది. ఆ వేళకు ఊళ్ల నుంచి వచ్చిన విద్యార్థులు హనుమకొండ బస్టాండులో ఉంటారు.

పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట, ములుగు, జనగామ, హుజూరాబాద్ వైపుల నుంచి రోజూ వచ్చి వెళ్లే విద్యార్థులను ఉదయం బస్సుల్లో చూసినవారికి ఈ మాట కొత్తగా చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక, హాస్టల్ ఖర్చు భరించలేక ఆడపిల్లను పై చదువు మాన్పిద్దామనుకున్న ఇళ్లలో కూడా మనసు మారింది. ఇది చాలా మంచి మార్పు. అయితే ఆ అమ్మాయి నాలుగున్నరకల్లా బస్సు ఎక్కకపోతే మండల కేంద్రంలో తమ ఊరికి వెళ్లే పల్లెవెలుగు తప్పిపోతుంది. ఆ తరువాత ఆటో దొరకాలి, ఆ ఆటోలో తెలిసినవారు ఉండాలి, ఇంటి దగ్గర తండ్రి రోడ్డు మీదికి వచ్చి నిలబడాలి. ఇంత లెక్క ఉన్న పిల్లను ‘సాయంత్రం ఐదింటికి నాటకం రిహార్సల్, తప్పకుండా రావాలి’ అని పిలవడమంటే పిలవకపోవడమే.

దీనివల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు. బస్సులో కలిసి వచ్చినవారే తరగతిలో పక్కపక్కన కూర్చుంటారు, కలిసి టిఫిన్ బాక్సు విప్పుకుంటారు, కలిసి తిరుగు బస్సు ఎక్కుతారు. రెండేళ్ల పీజీ ముగిసేసరికి పక్క విభాగంలో ఒక్కరి పేరైనా తెలియనివారు ఎందరో ఉన్నారు. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడినప్పటి నుంచి ఉత్తర తెలంగాణ పల్లెల పిల్లలకు ఉన్నత విద్య అందుబాటులోకి వచ్చింది. ఆసిఫాబాద్ అడవుల నుంచి వచ్చిన గోండు యువకుడు, సింగరేణి కార్మికుడి కూతురు, వరంగల్ బట్టల బజారు వ్యాపారి కొడుకు ఒకే ఆవరణలో చదువుకోగలగడం మామూలు విషయం కాదు. అయితే ఒకే ఆవరణలో ఉన్నంత మాత్రాన వాళ్లు ఒకరికొకరు పరిచయం కారు. ఒక పాటను కలిసి నేర్చుకుంటున్నప్పుడో, ఒకే కబడ్డీ జట్టులో ఆడుతున్నప్పుడో, ఒక వాదోపవాదానికి కలిసి సిద్ధమవుతున్నప్పుడో వాళ్ల మధ్య కులం, జిల్లా, ఊరు అనే గీతలు కాస్త చెరుగుతాయి. ఆ అవకాశం ఇప్పుడు ఎక్కువగా హాస్టల్‌లో ఉండేవారికే, అందులోనూ మగపిల్లలకే దక్కుతోంది. రోజూ వచ్చిపోయే అమ్మాయి ఏడాదికొకసారి వార్షికోత్సవం నాడు ప్రేక్షకురాలిగా కుర్చీలో కూర్చుంటుంది, అదీ చివరి వరకు కాదు.

ఈ వార్షికోత్సవాల గురించీ ఒక మాట చెప్పాలి. చాలాచోట్ల విద్యార్థుల సామాజిక జీవితమంటే ఫ్రెషర్స్ పార్టీ, ఫేర్‌వెల్, మధ్యలో ఒక ఫెస్ట్, ఇంతే. వీటికోసం తలకింత అని చందా వేస్తారు. ఉపకారవేతనం ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే పిల్లలు కూడా నలుగురిలో తక్కువ కాకూడదని ఇస్తారు. వసూలైన డబ్బులో పెద్ద భాగం డీజేకూ, వేదిక అలంకరణకూ పోతుంది. సంతోషంగా ఉండటాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఒక రోజు హోరులో కొత్తవారితో స్నేహం కుదరదని, అది కుదరాలంటే వారం వారం కలుసుకునే చిన్న పని ఒకటి ఉండాలని మాత్రమే అంటున్నాను.

ఇక్కడ కొందరు మన నగరంలోనే ఉన్న ఎన్ఐటీని ఉదాహరణగా చూపుతారు. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా పుట్టిన ఆ సంస్థలో విద్యార్థులే నడిపే ‘స్ప్రింగ్ స్ప్రీ’, ‘టెక్నోజియాన్’ ఉత్సవాలకు మంచి పేరు ఉంది. కానీ అది విద్యార్థులు ప్రాంగణంలోనే నివసించే సంస్థ. అక్కడ రాత్రి పదింటికి కూడా సమావేశం పెట్టుకోవచ్చు. ఆ పద్ధతిని బస్సు వేళలతో బతికే విద్యార్థుల మీద రుద్ది, తరువాత వారికి ఆసక్తి లేదనడం న్యాయం కాదు.

ఆసక్తి ఉందనడానికి ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ఒక నిదర్శనం. 1969లో గాంధీజీ శతజయంతి సంవత్సరంలో మొదలైన ఈ పథకంలో వాలంటీరు ఏడాదికి 120 గంటలు పనిచేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి వెళ్లాలి. సాయంత్రం అరగంట ఆగలేని ఆడపిల్లలు ఆ శిబిరానికి మాత్రం పరాయి ఊరికి వెళ్లి వారం రోజులు ఉండి వస్తారు. ఎందుకంటే అది కళాశాల లెక్కలో ఉన్న పని. ప్రోగ్రాం ఆఫీసర్ బాధ్యత తీసుకుంటారు, ఇంట్లో చూపించడానికి సంతకం పెట్టిన కాగితం ఉంటుంది. తెలంగాణ ఉద్యమ కాలంలోనూ పల్లెల నుంచి వచ్చిపోయే విద్యార్థులు పాటల్లో, ఉపన్యాసాల్లో, వంటావార్పుల్లో ముందు నిలవగలిగారు. ఆ కార్యక్రమాలు చాలావరకు పట్టపగలు జరిగేవి.

అందువల్ల నా విన్నపం ఒక్కటే. వారంలో ఒక మధ్యాహ్నం, బుధవారం అనుకుందాం, భోజనం తరువాత రెండు గంటల సమయాన్ని అన్ని విభాగాలూ ఒకేసారి తరగతులు లేకుండా ఉంచాలి. ఒకేసారి అన్న మాట ముఖ్యం. ఒక్కొక్క విభాగం ఒక్కొక్క రోజు ఖాళీ ఇస్తే మళ్లీ తరగతివాళ్లే తరగతివాళ్లతో కూర్చుంటారు. శనివారం పనికిరాదు, ఆ రోజు సొంత ఊళ్లకు వెళ్లేవారు ఎక్కువ. ఆ రెండు గంటల్లో ఏం చేయాలన్నది విద్యార్థులకే వదిలేయాలి. నాటకం, చదరంగం, కబడ్డీ, కవిత్వ పఠనం, ఏదైనా సరే. ఒగ్గుకథ, చిందు యక్షగానం తెలిసిన కళాకారులు ఈ జిల్లాల్లోనే ఉన్నారు. వారిని పిలిచి నేర్పమంటే ఎంతో గౌరవంగా భావిస్తారు. ఖిలా వరంగల్ తోరణాల దగ్గరికి చరిత్ర విద్యార్థి ఒకరు రసాయన శాస్త్రం వారిని తీసుకువెళ్లి వివరించి వెనక్కి రావడానికి ఒక మధ్యాహ్నం చాలు. 2024 నవంబరులో హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం ప్రారంభమైంది. అక్కడ వేదిక ఎక్కే స్థాయికి మన పిల్లలు ఎదగాలంటే ముందు ఒక గదీ, కొంత సమయమూ దొరకాలి.

పాఠాలు పూర్తి కావనే అభ్యంతరం వస్తుందని తెలుసు. డిగ్రీలో 2016-17 నుంచి సెమిస్టర్ పద్ధతి వచ్చాక ఇంటర్నల్స్, పరీక్షల మధ్య అధ్యాపకులకు ఊపిరి ఆడటం లేదన్నదీ, ఖాళీ పోస్టుల భారమంతా ఉన్న కొద్దిమంది మీదే పడుతోందన్నదీ వాస్తవం. అయినా రెండు పీరియడ్లు సర్దుకోలేనివి కావు. పోటీ పరీక్షల అభ్యర్థులకు ఇవన్నీ అనవసరమనే మాటను మాత్రం నేను అంగీకరించలేను. రీడింగ్ రూంలో గ్రూప్స్ పుస్తకాల ముందు ఏళ్ల తరబడి ఒంటరిగా కూర్చునే యువకుడికి, ఫలితం ఎదురుతిరిగిన రోజు చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఆ రోజే పుట్టుకురాడు.

విద్యార్థి సంఘాల ఎన్నికలు మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 1980ల చివరి నుంచి జరగడం లేదు. ఈ ఎన్నికలు ఎలా జరపాలో సూచించిన లింగ్డో కమిటీ సిఫారసులను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2006లో ఆదేశించినా ఇక్కడ కదలిక లేదు. అది పెద్ద చర్చ. కానీ ఒక సాహిత్య సమితికో క్రీడా బృందానికో కార్యదర్శిని విద్యార్థులే చేతులెత్తి ఎన్నుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇద్దరు కార్యదర్శుల్లో ఒకరు తప్పనిసరిగా రోజూ వచ్చిపోయే విద్యార్థి అయి ఉండాలని ఒక నియమం పెట్టుకుంటే సమావేశాల వేళలు వాటంతటవే దారికి వస్తాయి.

దీనికి ప్రభుత్వ జీవో కోసం ఎదురుచూడనక్కరలేదు. టైంటేబుల్ వేసేది విభాగాధిపతులు, ప్రిన్సిపాళ్లే. వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ సిద్ధం చేసేముందు వారంతా ఒకసారి కూర్చుని ఏ మధ్యాహ్నమో నిర్ణయించాలని, ఆ రెండు గంటల హాజరును తరగతి హాజరుతో సమానంగా లెక్కించాలని, ఆ సంగతిని తల్లిదండ్రులకు కూడా లేఖ ద్వారా తెలియజేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక జూనియర్ కళాశాల అధ్యాపకుడు,
పరకాల, హనుమకొండ జిల్లా