కరెంటు లెక్క టెండర్లోనే రాయండి

ప్రభుత్వ భవనాల నిర్మాణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కొత్త ఆఫీసుకో, బడికో, ఆసుపత్రికో టెండరు పిలిచేటప్పుడు ఎన్ని అంతస్తులు, ఎన్ని చదరపు మీటర్లు, ఎన్ని నెలల్లో పూర్తవ్వాలి అన్నీ రాస్తారు. ఆ భవనం ఏడాదికి ఎన్ని యూనిట్ల కరెంటుతో నడవాలో మాత్రం రాయరు. ఈ ఉత్తరం ఆ ఒక్క అంకె కోసమే.

పడమర వైపు నిలువెత్తు అద్దాలు పెట్టిన ఏ ఆఫీసుకైనా మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూడండి. ఎండ నేరుగా కళ్లలో కొడుతుంది కాబట్టి బ్లైండ్లు దించేసి ఉంటాయి. దించితే చీకటి కాబట్టి పట్టపగలే లైట్లన్నీ వెలుగుతుంటాయి. అద్దం దాటి వచ్చిన వేడిలో ఎక్కువ భాగం గదిలోనే ఉండిపోతుంది. దాన్ని తోడి బయట పోయడానికి ఏసీలు ఆగకుండా తిరుగుతాయి. నీడ అద్దానికి బయట పడాలి. దక్షిణపు ఎండ ఎత్తు నుంచి పడుతుంది, దానికి సజ్జా చాలు. పడమటి ఎండ వాలుగా వస్తుంది, దాన్ని సజ్జా ఆపలేదు. అక్కడ నిలువు పలకలు కట్టాలి, లేదా కిటికీలే తగ్గించాలి. ఇదంతా నక్షా దశలో దాదాపు ఖర్చు లేని పని. పునాది పడ్డాక భవనాన్ని ఇంకో దిక్కుకు తిప్పలేం కదా!

పైకప్పు మీద సోలార్ పెడుతున్నాం కదా అంటారు. పెట్టండి, మంచిదే. కానీ ముందు అవసరం తగ్గాలి. నీడ, ఇన్సులేషన్ (గోడల్లో, కప్పులో వేడిని ఆపే పొర), గాలి చొరబడని కిటికీలు సరిగ్గా కుదిరితే ఏసీ ప్లాంటే చిన్నదవుతుంది, అక్కడ మిగిలిన డబ్బు గోడలకు పనికొస్తుంది.

మరి ఎందుకు జరగడం లేదు? కట్టే ఖర్చు ఒక పద్దు, కరెంటు బిల్లు ఇంకో పద్దు. తక్కువకు కోట్ చేసినవారికి పని దక్కుతుంది, ఆ తర్వాత యాభై ఏళ్ల బిల్లు ప్రజలు కడతారు. నాకు బాధ కలిగించేది ఇదే. తప్పు ఇంజనీర్లది కాదు. అడగనిది ఎవరూ ఇవ్వరు.

అడిగిన చోట వచ్చింది. అమెరికాలోని కొలరాడోలో జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల 2010లో తన కొత్త ఆఫీసు భవనాన్ని కట్టించుకున్నప్పుడు, విస్తీర్ణానికి ఇంత ఇంధనం అనే పరిమితిని కాంట్రాక్టులోనే పెట్టింది. ధర ముందే ఖాయం. ఆ ధరలో ఆ అంకె అందుకోవడం కట్టేవారి బాధ్యత. సిబ్బంది, డేటా సెంటర్ (కంప్యూటర్ సర్వర్ల గది) లోడ్ పెరిగితే లెక్క సవరించే వీలూ ఉంచారు. భవనం వాడకం మారితే ఎలా అని మీ అధికారులు అడిగితే దానికి జవాబు అక్కడుంది. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం తన కొత్త భవనాలన్నీ పాసివ్ హౌస్ (అతి తక్కువ ఇంధనంతో నడిచే భవనాల) ప్రమాణంతోనే కట్టాలని 2007లో తీర్మానించింది. ఆ ప్రమాణంలో గదుల వేడికి ఏడాదికి చదరపు మీటరుకు 15 కిలోవాట్ అవర్లు (మన లెక్కలో యూనిట్లు) మించకూడదు. యూరోపియన్ యూనియన్ అయితే 2018 తర్వాత ప్రభుత్వాలు సొంతంగా కట్టుకుని వాడే కొత్త భవనాలన్నీ దాదాపు సున్నా ఇంధన భవనాలు (అతి తక్కువ ఇంధనం వాడి, అదీ చాలావరకు సోలార్ లాంటి వనరుల నుంచే తెచ్చుకునేవి) కావాలని చట్టమే చేసింది. మన దేశంలోనూ ఉంది: ఏడాదికి వాడే కరెంటంతా సోలార్‌తో తానే తయారు చేసుకోవాలన్న లక్ష్యంతో కట్టిన, ఢిల్లీలో 2014లో ప్రారంభమైన ఇందిరా పర్యావరణ భవన్ కూడా ప్రభుత్వ ఆఫీసే.

అంకె రాస్తే సరిపోదు, కొలవాలి. గుమ్మంలో ఫ్యాన్ బిగించి లోపలి గాలి ఒత్తిడి మార్చితే కిటికీ ఫ్రేముల పక్క నుంచి, పైపుల చుట్టూ గాలి ఎంత కారుతోందో మీటరు చెప్పేస్తుంది. లోపలి తుది పనులు ముగియకముందే ఆ పరీక్ష చేయించండి, లోపం అప్పుడైతే తేలిగ్గా పూడ్చవచ్చు. లైట్లకు, ఏసీకి, లిఫ్టులకు విడివిడిగా మీటర్లు పెట్టించండి. జనం చేరాక రెండేళ్ల రీడింగులు చూసి, రాసిన అంకెలోపే ఉంటే చివరి బిల్లు విడుదల చేయండి.

అన్ని భవనాలకూ ఒకేసారి అడగడం లేదు. మీ బల్ల మీదున్న తర్వాతి టెండరు మీద సంతకం చేసే ముందు, ఏడాదికి చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లో ఆ వరుస చేర్పించండి.

ఇట్లు,
ఒక పౌరుడు